పిల్లలకు నడుమెక్కడిది అట!

ఇప్పుడే లిఫ్టులో జరిగింది. కొత్తిమీర కట్ట ఇంకా చేతిలోనే ఉంది, ముందు ఇది రాసేస్తాను.

మా వాడికి 13 ఏళ్లు. నడుము నొప్పికి బెల్టు పెట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. నాలుగో అంతస్తు పెద్దాయన వాణ్ణి ఎగాదిగా చూసి, "ఫోను తగ్గించు నాన్నా! అయినా పిల్లలకు నడుమెక్కడిదమ్మా?" అన్నారు. పైగా అన్నీ తెలిసినట్టు ఒక నవ్వు.

అయ్యా, వాడు ఫోను చూసి కాదు, బంతి వేసి వేసి తెచ్చుకున్నాడు ఇది. వేసవి సెలవులంతా కూకట్‌పల్లి నుంచి సికింద్రాబాద్‌కు తిప్పాం, ఫాస్ట్ బౌలింగ్ అని. (ఆ ట్రాఫిక్‌లో కూర్చుని నా నడుమూ పోయింది. దాని సంగతి ఎవరికీ పట్టదు.) నడుము వెనక్కి వంచి, మెలితిప్పి అన్నేసి బంతులు వేస్తే వెన్నుపూస వెనక వైపు సన్నని ఎముక చీలుతుందట. ఎదిగే వయసులో మరీనూ. 2019లో బుమ్రాకు నడుములో వచ్చిందీ ఇలాంటి చీలికే, స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. అప్పుడు ఈ పెద్దాయనే వాచ్‌మన్‌ను ఆపి మరీ బాధపడ్డారు. బుమ్రాను మాత్రం ఫోను తగ్గించమనలేదు.

మొదట చూసిన డాక్టరుగారూ ఈ కోవే. ఎక్స్‌రే చూసి, "ఏమీ లేదు, బడి ఎగ్గొట్టడానికేమో" అని నవ్వారు. ఈ చీలిక తొలి రోజుల్లో ఎక్స్‌రేకు చాలాసార్లు అందదట! అలా ఆరు వారాలు పోయాయి. రెండో డాక్టరమ్మ వాణ్ణి ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగమన్నారు. "అమ్మా" అని బల్ల అంచు పట్టుకున్నాడు. రాత్రి నొప్పికి మెలకువ వస్తోందా, జ్వరం ఉందా, బరువు తగ్గాడా, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా, మూత్రం ఆపుకోలేకపోతున్నాడా అని గుచ్చి గుచ్చి అడిగారు. ఇన్‌ఫెక్షనో కణితో అయితే అలా ఉంటుందట. ఆ మాట విన్నాక ఎంఆర్‌ఐ వచ్చేదాకా నాకు ముద్ద దిగలేదు. చివరికి చీలికేనని తేలింది. మూడు నెలలు బంతి ముట్టకూడదు.

బడివాళ్లకు చెబితే లిఫ్టు టీచర్లకేనట, తరగతి మూడో అంతస్తులో. ఎనిమిదో తరగతి సంచి 4.5 కిలోలు దాటకూడదని 2017లోనే ప్రభుత్వం చెప్పింది. వీడిది నిన్న తూచాను, 9.

అసలు ఆ "నడుమెక్కడిది" అన్న మాటే నాకు పడదు. ఏడో తరగతిలో నేను నడుము పట్టుకుంటే నాయనమ్మ అదే మాట అని బిందె చేతికిచ్చేది. తమ్ముడికి మోకాలు గీసుకుపోతే మాత్రం ఆటో పిలిచేవాళ్లు. ఆ తమ్ముడే నిన్న ఫోను చేసి, "వాడితో సూర్యనమస్కారాలు చేయించక్కా" అన్నాడు. వెనక్కి వంగడమే వద్దన్నారురా, మహానుభావా!