లూటీన్ మాత్రలు అందరికీ కాదు
ఆకుకూరల్లో ఉండే లూటీన్ అనే పసుపు రంగు పదార్థంతో చేసిన మాత్రలు వాడితే ఎవరికైనా చూపు మెరుగవుతుందని మీ వ్యాసంలో రాశారు, అది సరికాదు. అమెరికాలో కంటి జబ్బులపై జరిగిన ఎరెడ్స్ 2 అనే పరిశోధన ఫలితాలు 2013లో వచ్చాయి. 10 మిల్లీగ్రాముల లూటీన్, అలాంటిదే అయిన జియాజాంథిన్ 2 మిల్లీగ్రాములు, విటమిన్ సి, ఇ, జింక్, రాగి కలిపిన మాత్రలు వయసుతో వచ్చే మాక్యులా (కంటి రెటీనా మధ్యభాగం) క్షీణత మధ్య దశలో ఉన్నవాళ్లకు జబ్బు ముదరకుండా కొంత అడ్డుపడతాయి, అంతే. పోయిన చూపును తిరిగి తేవు, శుక్లాలను ఆపవు. మా అమ్మకు సరిగ్గా ఆ దశలోనే డాక్టర్ రాశారు, వాడుతోంది. అదే సీసా చూసి, కళ్లజోడు తీసేయొచ్చనే ఆశతో బంధువులు కొనుక్కుంటుంటే బాధేస్తుంది. ముఖ్యంగా పొగతాగేవాళ్లు, పొగ మానేసినవాళ్లు బీటా కెరోటిన్ (క్యారెట్లలో ఉండే నారింజ రంగు పదార్థం) ఉన్న పాత రకం కంటి మాత్రల జోలికి పోకూడదు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. కనీసం ఈ హెచ్చరికైనా వ్యాసంలో రాయాల్సింది.