టార్చి పట్టుకున్నవాడి పాట్లు

కారు స్టీరియో మార్చడానికి సరైన స్క్రూడ్రైవరు లేకపోయినా ఎలాగో గడుస్తుంది గాని, టార్చి పట్టుకునే మనిషి లేకపోతే మాత్రం గడవదు. మా ఇంట్లో ఆ ఉద్యోగం నాది. మెకానిక్ హోదా మా బావమరిదిది. రాత్రంతా కూర్చుని వీడియోలు చూశాడు. "పది నిమిషాల పని బావా. పాతది లాగడం, కొత్తది తొయ్యడం" అన్నాడు. వీడియోలో పది నిమిషాలే. కత్తిరించి పారేసిన మిగతా పూటంతా మన వాటాకి వస్తుంది.

కొలతల్లో మాత్రం వాడికి వంక పెట్టలేను. కారు స్టీరియో పెట్టే సందుకి జర్మనీవాళ్లు ఏనాడో ఒక లెక్క కట్టారు. 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే డిన్ అంటారు. ఎత్తు రెట్టింపైతే డబుల్ డిన్. మా కారుది డబుల్ డిన్, కొనుక్కొచ్చిందీ డబుల్ డినే. ముందునుంచి చూస్తే అచ్చు గుద్దినట్టు సరిపోయింది. లోతెంతో ఎవరం అడగలేదు.

బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీసి, డ్యాష్‌బోర్డు ప్యానెల్ అంచున ప్లాస్టిక్ పట్టీ దూర్చి పైకెత్తాడు. టక్‌మంది.

"అది క్లిప్పు ఊడిన చప్పుడా, విరిగిన చప్పుడా?" అన్నాను.

"రెండూ ఒకేలా ఉంటాయి బావా. లైటు నా మొహం మీద కాదు, దాని మీద కొట్టు."

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. చేసేవాడికి లైటు పట్టేవాడు ఇంకా లోకువ.

పాత స్టీరియో బయటికొచ్చింది. దాని వెనకాలే పేగుల్లా తీగలు. నిజానికి మన కారుకి సరిపోయే హార్నెస్ అడాప్టర్ ఒకటి తెచ్చుకుంటే, కారు ప్లగ్గు దానికి గుచ్చేసి చేతులు దులుపుకోవచ్చు. ఒక్క తీగా కొయ్యక్కర్లేదు. మావాడికి అది దండగ ఖర్చు. "రంగుకి రంగు కలిపేస్తే సరి" అన్నాడు. కొత్త స్టీరియో తీగలకి ఒక పద్ధతుంది: పసుపులో ఎప్పుడూ కరెంటు ఉండాలి, ఎరుపులో తాళం తిప్పితేనే రావాలి, నలుపు ఎర్త్. ముందు ఎడమ స్పీకరుకి తెలుపు, కుడిదానికి బూడిద రంగు; వెనక ఎడమకి ఆకుపచ్చ, కుడికి ఊదా. ఆ పద్ధతి మా కారు చేసినవాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. వాళ్ల రంగులు వాళ్లవి.

తీగలన్నీ కలిపి, టేపు చుట్టి, స్టీరియోని లోపలికి తోశాడు. వేలెడు బయటే ఆగింది. తీగల కట్టని కిందికి నొక్కాడు, పక్కకి నొక్కాడు, చివరికి మోకాలు ఆనించాడు. అప్పుడే ఒక స్క్రూ చేజారి డ్యాష్‌బోర్డు లోపలికి టిక్ టిక్ మంటూ దొర్లి ఎక్కడో ఆగిపోయింది. ఇద్దరం ఆ చీకటిలోకి భక్తిగా చూశాం.

"మిగతావి గట్టిగానే ఉన్నాయి" అన్నాడు.

తాళం తిప్పగానే తెర వెలిగింది. స్వాగతం చెప్పి, భాష ఎంచుకోమంది, టైమెంతని అడిగింది. ఎంచుకున్నాం. బండి ఆపి మళ్లీ తిప్పితే మళ్లీ స్వాగతమే, మళ్లీ అదే ప్రశ్న. పసుపూ ఎరుపూ తారుమారై, తాళం తీసిన ప్రతిసారీ దానికి గతం గుర్తుండటం లేదు. ఎఫ్ఎం పెడితే గరగర. ఏంటెన్నా బూస్టరుకి కరెంటివ్వాల్సిన నీలం తీగ ఎక్కడికీ కలపకుండా టేపులో ముసుగుతన్ని పడుకుంది.

ముందు సీట్లో కూర్చున్న మా ఆవిడ కాసేపు విని, "పాడేవాడు వెనక సీట్లో కూర్చున్నాడేంటండీ?" అంది. తర్వాత ఇంకో సందేహం: "గొంతు వినపడుతోంది, మృదంగం ఏదీ?" స్పీకరు ఒకదానికి ప్లస్సూ మైనస్సూ అటూ ఇటూ అయ్యాయి. ఒకటి గాలిని ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. ఆ లాగులాటలో మృదంగం మాయం.

ఇవన్నీ మర్నాడు మావాడే విప్పి, అడాప్టర్ పెట్టి సరిచేశాడు. లైటు నేనే పట్టాను. ఇప్పుడు పాట బ్రహ్మాండంగా వస్తోంది. ఆ స్క్రూ మాత్రం దొరకలేదు. మలుపు తిరిగినప్పుడల్లా ఈ చివరనుంచి ఆ చివరకి గలగలా పరిగెడుతుంది. అదే మావాడితో అన్నాను.

"వాల్యూమ్ పెంచు బావా" అన్నాడు. "మరి కొత్త స్టీరియో పెట్టించుకుంది దేనికి?"