అక్రమ నిర్మాణాలు

బడికి సెలవులిచ్చిన రోజు మా ఇంట్లో రెండు కట్టడాలు ఉండేవి. ఒకటి తొమ్మిదేళ్ల నాటిది, రెండోది ఆరేళ్ల నాటిది. రెండూ వాటి వాటి హద్దుల్లోనే ఉండేవి. చొక్కా చేతులు మణికట్టు దాకా వచ్చేవి, చెప్పుల్లో కాళ్లు పట్టేవి, పడుకుంటే పాదాలు మంచం మీదే ఉండేవి. సెలవులు ఇంకో వారంలో అయిపోతాయనగా తనిఖీకి వెళ్తే రెండు చోట్లా పైన అదనంగా లేచి ఉంది. ప్లాన్ ఏదీ అంటే లేదు. ఎవర్ని అడిగి లేపారంటే "నాకేం తెలుసు, అదే పెరిగింది" అంది పెద్దది. అనుమతి లేకుండా అంతస్తు లేపి దొరికిపోయిన ఏ పెద్దమనిషీ ఇంత ధీమాగా మాట్లాడి ఉండడు.

దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ప్రహరీ గోడ జానెడు ముందుకు జరిపితే ఇంటికి నోటీసు అంటిస్తారు. మేడ మీద రేకుల షెడ్డు వేస్తే వచ్చి కొలతలు తీసుకుపోతారు. అలాంటిది, పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్లున్న మనిషి ఏడాది తిరిగేసరికి 75కు, నాలుగేళ్లు వచ్చేసరికి మీటరుకు అటూ ఇటూగా చేరుకుంటే అడిగే నాథుడు లేడు. నాలుగేళ్లలో రెట్టింపు! పైగా చుట్టాలొచ్చి బుగ్గలు గిల్లి, "అబ్బో, ఎంత ఎదిగిపోయావురా" అని మెచ్చుకుని మరీ వెళ్తారు. అక్రమాలకు సమాజం అండ ఎలా దొరుకుతుందో చూడండి.

ఈ ఇంటి వరకు తనిఖీ అధికారం నాదే. ఎవరూ రాసివ్వలేదు. పెన్సిల్ ఎక్కడుందో నాకొక్కదానికే తెలుసు కాబట్టి దానంతట అదే వచ్చింది. వంటింటి ద్వారబంధానికి ఆనించి నిలబెట్టడం, నెత్తిన అట్ట పెట్టి గీత గీయడం, పక్కన తేదీ వేయడం నా విధులు. మా ఆయన బిల్డర్ల వైపు మనిషి. నేను వంగి గీత గీసేటప్పుడు మడమలు కాస్త లేపమని వెనక నుంచి సైగ చేస్తూ రెండుసార్లు పట్టుబడ్డారు. చర్య తీసుకుందామంటే ఆయన మీద నాకు అధికార పరిధి లేదట, ఆయనే చెప్పారు.

ఈ పనులు సెలవుల్లోనే ఎందుకు జోరందుకుంటాయో ఊహించడం కష్టం కాదు. వరసగా సెలవులొస్తే ఆఫీసులుండవు, కోర్టులుండవు, స్టే తెచ్చేవాడూ ఉండడు. శుక్రవారం సాయంత్రం ఖాళీ స్థలం, సోమవారం పొద్దున్నకి శ్లాబు. వీళ్లకేమో వారాల తరబడి సెలవులాయె. అందులోనూ పని సాగేది రాత్రిళ్లు. ఎదుగుదల హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే అని వైద్యులు ఎప్పుడో తేల్చారు. పగలంతా ఇల్లు పీకి పందిరేసినవాళ్లు రాత్రికి ఏమీ ఎరగనట్టు పడుకుంటే నేను అమాయకంగా "హమ్మయ్య" అనుకుని లైటు ఆర్పేదాన్ని. వాళ్లకు కావలసిందీ అదే. 1992లో అమెరికాలో మిషెల్ లాంప్ల్ అనే పరిశోధకురాలి బృందం పసిపిల్లల్ని పదే పదే కొలిచి ఒక సంగతి బయటపెట్టింది. వాళ్లు రోజూ ఇంతింత పెరగరట. కొన్నాళ్లు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, ఏదో ఒక రోజు చటుక్కున లేస్తారట. చదవగానే నాకు ఆశ్చర్యం వేయలేదు. తనిఖీవాళ్లు వచ్చి వెళ్లేదాకా సైటులో ఇటుక కదలదు, ఎక్కడైనా ఇంతే కదా.

వేసవి సంగతి కూడా నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో మోంబెయార్ అనే దొర ఉండేవాడు. 1759లో కొడుకు పుట్టింది మొదలు 1777లో వాడికి 18 ఏళ్లు వచ్చేదాకా, సుమారు ఆర్నెల్లకోసారి నిలబెట్టి కొలుస్తూనే ఉన్నాడు. అప్పటికి మీటరే పుట్టలేదు, అడుగులూ అంగుళాల లెక్కే. బ్యుఫోన్ అనే పేరున్న ప్రకృతి శాస్త్రవేత్త ఆ కొలతలన్నీ తన గ్రంథంలో అచ్చు వేశాడు. చలికాలంలో కన్నా వేసవిలోనే కుర్రాడు ఎక్కువ సాగుతున్నాడన్న సంగతి అక్కడే గమనించారు. తర్వాత చాలామంది పిల్లల్ని కొలిచినవాళ్లకూ ఎత్తు విషయంలో ఎండాకాలం వైపే మొగ్గు కనిపించింది. పద్ధెనిమిదేళ్లు కొలిచి కూడా కొడుక్కి ఒక్క నోటీసైనా ఇవ్వని ఆ తండ్రిని తలచుకుంటే, శాఖాపరంగా నాకు సిగ్గేస్తుంది.

సరే, కట్టాలంటే మెటీరియల్ కావాలి కదా, అది ఎక్కణ్నుంచి వస్తోందని ఆరా తీశాను.

మధ్యాహ్నం రెండు గంటలు. ఫ్యాను వేడిగాలి తిప్పుతోంది. చిన్నోడు ఒంటి మీద నిక్కరు తప్ప ఇంకేమీ లేకుండా, ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి మడమతో పిక్క గోక్కుంటూ లోపలికి చూస్తున్నాడు. లోపలి చల్లగాలి వాడి పొట్టకు తగులుతోంది. మొహంలో పరమశాంతి.

"ఏం కావాలిరా?"

"ఏం వద్దు."

"మరెందుకు తెరిచావు?"

"ఏముందో చూస్తున్నా."

"పది నిమిషాల క్రితమే చూశావు కదా!"

"అప్పుడు ఆకలి లేదమ్మా."

పక్కన నీళ్ల సీసాలు అయిదు. మూత తీసి చూస్తే అయిదింటిలోనూ అడుగున ఒక్క గుక్క చొప్పున ఉంది. తాగి ఖాళీ చేసినవాళ్లే నింపాలని ఇంట్లో రూలు పెట్టాను. రూలు ప్రకారం ఏ సీసా ఖాళీ కాలేదు. ఆ ఒక్క గుక్కలో ఉన్న న్యాయశాస్త్ర పరిజ్ఞానం చూసి, వీళ్లు పెద్దయ్యాక ఏమవుతారోనన్న బెంగ నాకు తీరిపోయింది. ఎండాకాలం నీళ్లు తాగండ్రా అని వెంటపడేది కూడా నేనే, అది వేరే సంగతి. ఒంటి బరువుతో పోలిస్తే పిల్లలకు చర్మం వైశాల్యం మనకన్నా ఎక్కువ, మండే ఎండలో పెద్దవాళ్లకన్నా తొందరగా వేడెక్కుతారు. ఆటలో పడితే దాహం కూడా గుర్తుండదు. కాబట్టి సీసాలు నింపడం ఆపలేను. చెమట కక్కుతూ వచ్చి, గటగటా తాగి, ఒక గుక్క మిగిల్చి, మళ్లీ పారిపోతారు.

ఇక్కడే దర్యాప్తు ఇబ్బందికరమైన మలుపు తిరిగింది. మెటీరియల్ సరఫరా చేసిందెవరో తీగ లాగుతూ పోతే డొంక మా వంటింట్లో కదిలింది. ఏడాదిలో పది నెలలు కంచం పట్టుకుని ఇల్లంతా తిరిగిందెవరు? "ఇంకొక్క ముద్ద, ఇది తింటే పొడుగవుతావు" అని నమ్మబలికిందెవరు? పక్కింటి పిల్ల పొడుగ్గా కనిపిస్తోందని రెండు రాత్రులు నిద్ర మానుకుందెవరు? సిమెంటు తనే తోలించి, గోడ లేచాక తనే నోటీసు పట్టుకుని దిగే అధికారుల గురించి వినే ఉంటారు. ఈ భాగం నేను ఫైల్లో ఎక్కించలేదు.

నోటీసు విషయానికొస్తే, సాక్ష్యం బూట్ల దగ్గర దొరికింది. సెలవులిచ్చిన రోజున, లోపల మేజోళ్లు అలాగే కుక్కి మంచం కిందకు తోసిన పెద్దదాని బడి బూట్లు బయటికి తీయించాను. వేసుకోమన్నాను. వేసుకుంది, అంటే వేళ్లు ముడిచి ఎలాగో దూర్చింది.

"సరిపోయాయమ్మా" అంది, మొహం చిట్లించుకుని. ఎండలో బూట్ల కొట్టుకు రావడం ఇష్టం లేదు దానికి.

"ఏదీ, నడువు."

నిప్పుల మీద నడిచినట్టు నాలుగడుగులు వేసింది. ముందు భాగాన బొటనవేలితో నొక్కి చూశాను. వేలు కొసకూ బూటు కొసకూ మధ్య ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. అక్కడ ఖాళీకి బదులు దాని కాలి వేలే ఉంది, ఇరుక్కుని. ఇక చిన్నోడి చెప్పులైతే కొలవనే అక్కర్లేదు. మడమ చెప్పు దాటి వెనక్కి వచ్చేసి, సెట్‌బ్యాక్ వదలకుండా వేసిన బాల్కనీలా గాల్లో ఉంది.

రెండు సైజులు పెద్దవి కొంటే పోలా అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. కొన్నాం. యూరప్ లెక్కలో ఒక సైజుకూ తర్వాతి దానికీ తేడా సెంటీమీటరులో మూడింట రెండొంతులే, అయినా ఆ రెండు సైజుల బూట్లతో పిల్ల నడుస్తుంటే ఇంట్లో గుర్రం తిరిగినట్టుండేది. మొదట వదులు, తర్వాత బిగుతు. మధ్యలో ఎప్పుడో సరిగ్గా సరిపోయిన రోజు ఒకటి ఉండి తీరాలి కదా, లెక్క ప్రకారం? ఆ రోజు ఈ సెలవుల్లోనే వచ్చి వెళ్లిపోయింది, బూట్లు మంచం కింద ఉండగా. ఇంకో విశేషం, ఎత్తు కన్నా పాదాలే ముందు పూర్తి కొలతకు చేరుకుంటాయి. అంటే పునాది ముందే పెద్దదిగా వేసుకున్నారు. చిన్న ఇల్లని చెప్పి పునాది అంత వెడల్పున తవ్వారంటే, ఉద్దేశం మొదటి నుంచీ ఉన్నట్టే.

చిన్నోడి సైటులో నిర్మాణంతో పాటు కూల్చివేతలు కూడా సాగుతున్నాయి. ఉన్న 20 పాలపళ్లలో కింద ముందు రెండూ ఊడాయి, ఇంకోటి నాలుకతో ఊపుతున్నాడు. చూడలేక నేను మొహం తిప్పుకుంటే నా ఎదురుగా వచ్చి మరీ ఊపుతున్నాడు. పెద్దదానికి పైన కొత్తగా దిగిన రెండూ చూస్తే, రెండు గదుల ఇంటికి కోట గుమ్మం బిగించినట్టుంది. మొహం తర్వాత కడతారట.

రాత్రిపూట గోల ఇంకో ఫిర్యాదు. పదకొండు గంటలప్పుడు పిక్కలు లాగుతున్నాయని చిన్నోడు లేచి కూర్చుంటాడు. ఎదుగుదల నొప్పులంటారు వీటిని. 1823లో ఒక ఫ్రెంచి వైద్యుడు రాసిన దగ్గర్నుంచీ ఉన్న పేరే గానీ, ఎదగడం వల్లే నొప్పి వస్తోందని ఇప్పటికీ రుజువు కాలేదు. రెండు కాళ్లూ లాగి, తెల్లారేసరికి మాయమైతే మామూలే అంటారు డాక్టర్లు. ఒకే కాలు నొప్పి, వాపు, జ్వరం, కుంటడం ఉంటేనే చూపించమంటారు. వాడు పగలు ఎక్కిన గోడలు లెక్కబెడితే నొప్పి రాకపోవడమే వింత. ఏదైనా, సగం నిద్రలో ఆ పిక్కలు నొక్కుతూ కూర్చునేది నేనే. పనులు ఆపించాల్సిన అధికారి, అర్ధరాత్రి అదే సైటులో కూలీ.

చివరికి, ప్లాన్ ఉల్లంఘన కింద గట్టి కేసు పెడదామని పిల్లల డాక్టరు దగ్గరున్న చార్టు తిరగేశాను. ఐదేళ్ల లోపు వాళ్లకు 2006లోనూ, ఆ పైన 19 ఏళ్ల వరకు 2007లోనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన గీతలవి. మూడేళ్లు దాటాక యుక్తవయసు దాకా ఏడాదికి 5 నుంచి 7 సెంటీమీటర్లు సాధారణంగా ఉండే ఎదుగుదలేనట. మా ఇద్దరూ గీతల మధ్యలో బుద్ధిగా కూర్చున్నారు. అంటే ప్లాన్ ఉంది, మంజూరూ ఉంది, నాకే కాపీ అందలేదు. ఒక అధికారికి ఇంతకు మించిన అవమానం ఉండదు.

ఇక మిగిలింది క్రమబద్ధీకరణ. జరిమానా కట్టించుకుని ఉన్నదాన్ని ఒప్పేసుకోవడం. జరిమానా కింద ఇద్దరూ రోజుకు రెండేసి సీసాలు నింపాలని ఉత్తర్వు ఇచ్చాను. మర్నాడు చూస్తే నాలుగు సీసాల్లోనూ నీళ్లున్నాయి. ఒక్కో దాంట్లో రెండు గుక్కలు.

ఉత్తర్వు మీద పెద్దది అప్పీలుకు వెళ్లింది. వాళ్ల నాన్నే లాయరు. వాదన ఏమిటంటే, మనిషి పొద్దున లేచినప్పుడు కాస్త పొడుగుంటాడట, రోజంతా నిలబడి తిరిగేసరికి వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్లలు నొక్కుకుపోయి సాయంత్రానికి దాదాపు ఒక సెంటీమీటరు దాకా తగ్గుతాడట. అది నిజమే. సెలవుల మొదటి రోజు నేను సాయంత్రం కొలిచాను, చివరి కొలత పక్క మీంచి లేపి తీసుకున్నాను. కాబట్టి రెండు గీతల మధ్య ఉన్న రెండు సెంటీమీటర్లలో సగం నిర్మాణం తనది కాదు, కొలిచినావిడదే అని వాదన. నాకు నోట మాట రాలేదు. సాయంత్రం మళ్లీ కొలిస్తే గీత నిజంగానే కిందకు దిగింది.

ఇక్కడో మాట చెప్పాలి. కిందటేడు ఇంటికి రంగులు వేయించినప్పుడు ఆ ద్వారబంధం ఒక్కటీ వేయనివ్వలేదు నేను. మిగతా ఇల్లంతా మెరుస్తుంటే అదొక్కటే మాసిపోయి, పెన్సిల్ గీతలతో ఉంది. సాక్ష్యాధారాలు చెరపకూడదు కాబట్టి ఆపాను. ఇంకే కారణమూ లేదు.

"ఇప్పుడు నువ్వు నిలబడమ్మా" అంది పెద్దది.

"నాకెందుకే?"

"అందరికీ ఒకటే రూలు అన్నావుగా."

నిలబడ్డాను. చెప్పులు విప్పించింది. కుర్చీ ఎక్కి, నెత్తిన అట్ట పెట్టి, "మడమలు లేపకు" అని హెచ్చరించి గీత గీసింది. టేపు పెట్టి చూస్తే 157. నా కాగితాలన్నిటిలో 158 అని ఉంటుంది. పొద్దున్నుంచీ ఆ వంటింట్లోనే నిలబడి ఉన్నాను మరి. అదేం వినిపించుకోలేదు. తేదీ వేసి, పక్కన గుండ్రటి అక్షరాలతో "అమ్మ, తగ్గింది" అని రాసింది.

ఆ తర్వాత పెన్సిల్ ఎక్కడ పెట్టిందో చెప్పడం లేదు.