పిచ్చుకగూటికి రెండు స్ట్రోకుల జరిమానా

మూడేళ్లు నిండినా గోల్ఫ్ కర్ర పట్టని బిడ్డ భవిష్యత్తు తలచుకుంటేనే గుండె తరుక్కుపోతుంది. టైగర్ వుడ్స్ 1978లో, మూడేళ్లైనా నిండకముందే, అమెరికా టెలివిజన్‌లో బంతి కొట్టి చూపించాడు. మన అదితి అశోక్ అయిదేళ్లకే బెంగళూరులో ఆట మొదలుపెట్టి, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఈ లెక్కన ఒకటో తరగతి దాకా ఆగే తల్లిదండ్రులు, పెళ్లీడు వచ్చాక అక్షరాభ్యాసం చేయించేవారితో సమానం. యువకులు విలువిద్య మానేసి దీని వెంట పడుతున్నారని స్కాట్లాండు పార్లమెంటు 1457లో గోల్ఫ్‌ను నిషేధించిన మాట నిజమే కానీ, మన విలువిద్య అయిన ఐఐటీ ఫౌండేషను ఆరో తరగతికి గానీ మొదలుకాదు కనుక, అంతవరకు భయం లేదు.

గుంతలోకి గోళీ కొట్టడం మన వీధుల్లోనూ ఉన్నదే. అయితే దానికి రుసుము లేదు, కాలరు చొక్కా అక్కరలేదు, పైగా గెలిచినవాడు అవతలివాడి గోళీలు జేబులో వేసుకుపోతాడు. అది సంస్కారవంతుల ఆట ఎలా అవుతుంది? గోల్ఫ్‌లో గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, సంచిలో కర్రలు 14కు మించరాదు. ఒక్కటే చిక్కు: ఇందులో బంతిని కొట్టిన దెబ్బలే, అంటే స్ట్రోకులే, లెక్క; అవి ఎంత తక్కువ వస్తే అంత గొప్ప. నూటికి నూరు తెమ్మని పెంచిన పిల్లవాడు పరుగెత్తుకొచ్చి, “నాన్నా, నాకు 112, పక్కింటివాడికి 60 మాత్రమే” అంటే, తండ్రి వీధివీధంతా మిఠాయిలు పంచే ప్రమాదం ఉంది.

మొన్న ఆదివారం మా బంధువు ఒకాయన నాలుగేళ్ల కొడుకును శిక్షణకు తీసుకెళ్తూ నన్నూ రమ్మన్నారు. ఎదుటివారు కొట్టేటప్పుడు నోరు మెదపరాదన్నది తొలి పాఠం. రెండో పాఠంలో బాబు కొట్టిన బంతి దొర్లుకుంటూ వెళ్లి బంకరు అనే ఇసుక గుంటలో పడింది. వాడు ప్లాస్టిక్ కర్రను గట్టున పారేసి, బూటు విప్పి, కుడిపాదం మీద తడి ఇసుక పోసి, అరచేత్తో తట్టి, కాలు మెల్లగా వెనక్కి లాగి పిచ్చుకగూడు కట్టాడు. కొట్టకముందు ఇసుకను చేత్తో తాకి చూస్తే రెండు స్ట్రోకుల జరిమానా అని కోచ్ గారు గంభీరంగా సెలవిచ్చారు. వాడు తాకి చూడలేదు, గూడు కట్టాడు, అది వేరని మా బంధువు వాదించారు. నెలకు అంత ఫీజు కట్టేవారికి ఆ మాత్రం హక్కు ఉంటుంది.

వాదన ముగిసేసరికి బంతి లేదు. కనబడని బంతిని వెతకడానికి నియమం 3 నిమిషాలే ఇస్తుంది కనుక పెద్దలిద్దరూ పొదలన్నీ గాలించారు. బాబు మాత్రం తొలి పాఠాన్ని తుచ తప్పకుండా పాటిస్తూ, గూటి గుమ్మానికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, నోరు మెదపకుండా కూర్చున్నాడు.