పేరులో ‘పోతు’ ఉన్నంత మాత్రాన జెర్రిపోతు నాగుపాముకు మొగుడు కాదు

రెండు పాములు నిలువునా లేచి పెనవేసుకున్న వీడియో. దాని కింద ఐదు ముక్కలు: నాగుపాములన్నీ ఆడవే, వాటికి మగది జెర్రిపోతు, పేరులోనే పోతు ఉంది, నమ్మకపోతే వీడియో చూడండి, జెర్రిపోతును చంపితే నాగుపాము పగబడుతుంది. ఈ సందేశం నా ఫోనుకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. ఈసారి పంపినది మా పెదనాన్న. ఆయనకు చెప్పిన జవాబే ఇది.

ముందు పేరు సంగతి. దున్నపోతు, మేకపోతు అన్నప్పుడు పోతు అంటే మగదే, కాదనను. మరి తిండిపోతు, నిద్రపోతు అన్నప్పుడో? ఆ రెండూ మా మేనత్తకు చక్కగా సరిపోతాయి. పైగా ఇదే కథ తమిళనాడులోనూ ఉంది. అక్కడ ఈ పామును సారై అంటారు. అందులో పోతూ లేదు, పుంజూ లేదు. శాస్త్రీయ నామం దగ్గరికి వెళితే కథ పూర్తిగా తిరగబడుతుంది. జెర్రిపోతును చాలాకాలం ‘ప్టయాస్ మ్యూకోసస్’ అని పుంలింగంలో రాశారు. ప్టయాస్ స్త్రీలింగ పదమని 2004లో ఇద్దరు పరిశోధకులు వ్యాకరణం విప్పి చూపాక అది ‘మ్యూకోసా’గా స్థిరపడింది. పేరును బట్టే లింగం తేల్చాలంటే మన పోతు లాటిన్‌లో ఆడదై కూర్చుంటుంది!

ఇక వీడియో. దాన్ని ఆపి ఆపి చూడండి. రెండు పాములదీ ఒకే రంగు, ఇంచుమించు ఒకే పొడవు. పెదవుల మీది పొలుసుల మధ్య నల్లటి గీతలు, పెద్ద గుండ్రటి కళ్లు. ఎక్కడా పడగ లేదు. అందులో నాగుపామే లేదు, రెండూ జెర్రిపోతులే. అది సరసమూ కాదు, రెండు మగ పాముల కుస్తీ. ముందు భాగం పైకెత్తి, ఒకదాన్నొకటి చుట్టుకుని, ఎదుటిదాని తలను నేలకు వంచాలని చూస్తాయి. కరుచుకోవు. ఓడినది జారుకుంటుంది. నిజంగా జతకట్టేటప్పుడు మగది ఆడదాని వెంట నేల మీదే పరుచుకుని తోక పెనవేస్తుంది. చూడటానికి అంత వేడుకగా ఉండదు కాబట్టి దాన్ని ఎవరూ వీడియో తీసి పంపరు. జెర్రిపోతును మూలకు తరిమితే గొంతు ఉబ్బించి గుర్రుమంటుంది. ఆ ఉబ్బు కిందికి నిలువుగా ఉంటుంది, పడగలా పక్కలకు పరుచుకోదు. కంగారులో చూసినవారికి అదే పడగలా తోచడంలో వింత లేదు.

చదువుకున్నవారు దీనికి ఇంకో మెలిక కలుపుతారు: జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ 1758లో ఈ రెండింటినీ ఒకే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, పెట్టాడు కదా అని. పెట్టాడు, నిజమే. నాగుపాము ఆయనకు ‘కొలుబర్ నాజా’, జెర్రిపోతు ‘కొలుబర్ మ్యూకోసస్’. కానీ ఐరోపాలోని విషపు పింజరను కూడా ఆయన ఆ కొలుబర్ గంపలోనే వేశాడు. తర్వాతి శాస్త్రవేత్తల్లో 1768లో లారెంటి నాజా ప్రజాతిని, 1843లో ఫిట్జింగర్ ప్టయాస్‌ను వేరు చేశారు. ఇప్పుడు ప్రజాతులే కాదు, వాటికన్నా పెద్ద గుంపులైన కుటుంబాలే వేరు. నాగుపాముకు నోటి ముందు భాగంలో కదలని విషపు కోరలుంటాయి, జెర్రిపోతుకు విషమే లేదు. ఆడది ఒక కుటుంబంలో, మగది ఇంకో కుటుంబంలో ఉండటమంటే గేదెకు గుర్రాన్ని మొగుడని చెప్పడమే. అన్నట్టు, నాగుపాము ఇతర పాములనూ తింటుంది, అందులో జెర్రిపోతులూ ఉంటాయి. ఇదేం కాపురమో పంపినవారే చెప్పాలి.

పగ గురించి ఎక్కువ మాటలు అనవసరం. మనిషి ముఖం గుర్తుపెట్టుకుని వెతుక్కుంటూ వచ్చే శక్తి ఏ పాముకూ లేదు. చంపకూడదన్న ఒక్క ముక్కే ఆ సందేశంలో సరైనది. అయితే కారణం పగ కాదు: పొలంలో ఎలుకలను తినిపెట్టే పాము అది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా దానికి అండగా ఉంది.

ఇంతా విని పెదనాన్న అడిగినది ఒకటే: “అయితే మగ నాగుపామును ఎలా గుర్తుపట్టాలిరా?” పడగను బట్టి మాత్రం కాదు, అది ఆడ మగ రెండింటికీ ఉంటుంది. మగదాని జననాంగాలు తోక మొదట్లో లోపలికి దాగి ఉంటాయి కాబట్టి అక్కడ కాస్త లావు, తోక కూడా కొంచెం పొడవు. దగ్గరికి వెళ్లి కొలవవద్దని ఆయనకు రెండుసార్లు చెప్పాను.