ముందు పంచనామా, ఆ తర్వాతే కమిటీ

దొంగతనం జరిగిందని తెలిస్తే పోలీసులు ముందు ఆ గదిలోకి ఎవరినీ పోనివ్వరు, పంచనామా రాస్తారు. పరిశోధనలో దొంగ లెక్కలు రాశారని ఫిర్యాదు వస్తే మాత్రం మన దగ్గర చాలాచోట్ల ముందు వెళ్లేది మెమో. వివరణకు గడువు ఇస్తారు. ఆ గడువంతా నోట్‌బుక్కులు, కంప్యూటరు, శాంపిళ్లు ఆరోపణ వచ్చిన మనిషి చేతిలోనే ఉంటాయి.

నల్లగొండ జిల్లా వాళ్లం దీన్ని తేలిగ్గా తీసుకోలేం. మర్రిగూడ వైపు నడుములు వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగాం. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. 2.6 ఉన్న నీళ్లకు ఎవరైనా 1.4 అని రాస్తే థీసిస్‌లో గ్రాఫు అందంగా వస్తుంది, ఊళ్లో జనం ఆ బోరింగు నీళ్లే తాగుతుంటారు.

ఆ అబద్ధం ఎక్కడ దొరుకుతుంది? ప్లాస్టిక్ సీసా మీద ఊరి పేరు, బోరు నంబరు, తేదీ ఉంటాయి. నోట్‌బుక్కులో ఆ పూట మీటరు చూపించిన మిల్లీవోల్టులు ఉంటాయి. ఫ్లోరైడ్ అంకె వాటిలోంచే లెక్కగట్టాలి. సాక్ష్యమంతా ఆ ఒక్క పేజీ. దాన్ని తిరగరాయడానికి ఒక రాత్రి చాలు. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య నిధులతో చేసే పరిశోధనలకు రూలే ఉంది: నోటీసు ఇచ్చే రోజుకల్లా రికార్డులు స్వాధీనం చేసుకోవాలి. మన దగ్గర యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ 2018 నిబంధనల్లో శిక్షలన్నీ కాపీ శాతాల మీదే: 10 దాటితే ఒకటి, 40 దాటితే ఇంకొకటి, 60 దాటితే మరొకటి. సొంతంగా కల్పించిన అంకెకు కాపీ సాఫ్ట్‌వేర్ సున్నా చూపిస్తుంది! పైగా ఫిర్యాదును విచారించే డిపార్ట్‌మెంట్ ప్యానెల్‌కు అధ్యక్షుడు ఆ శాఖాధిపతే.

గిట్టనివాళ్లు ఫిర్యాదులు పెడితే పరువు పోదా అంటారు. పోతుంది, నిజమే. అందుకే పేరు బయటికి రానివ్వకుండా రికార్డులకు సీల్ వేయాలి, పని ఆగకుండా జిరాక్స్ కాపీలు ఇవ్వాలి. తప్పు చేయనివాళ్లను కాపాడేది కూడా ఆ సీల్ పడ్డ నోట్‌బుక్కే.

అసలు నా బాధ ఫిర్యాదు చేసేవాళ్ల గురించి. దొంగ రీడింగ్ ముందుగా కనిపించేది పక్క బల్ల దగ్గర పనిచేసే స్కాలర్‌కే. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో వచ్చి, ఇంట్లో మొదటిసారి పీహెచ్‌డీ దాకా చేరిన పిల్ల ఆమె. ఫెలోషిప్ కాగితం మీద సంతకం గైడ్‌ది. థీసిస్ మీదా ఆయనదే. ఆ గైడ్ మీదే ఫిర్యాదు అయితే ఆమె ఎట్లా నోరు విప్పుతుంది? ఫిర్యాదు అందిన రోజే ఆ సంతకం బాధ్యత డీన్‌కు మారాలి, ఆమెకు వేరే గైడ్‌ను ఇవ్వాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. మహాత్మా గాంధీ, పాలమూరు యూనివర్సిటీలు ఒక సర్క్యులర్‌తో, రెండు తాళాల బీరువాతో మొదలుపెట్టొచ్చు. ఒక తాళంచెవి మాత్రం బయటి యూనివర్సిటీ ప్రొఫెసర్ దగ్గర ఉండాలి.