సవరణ: రెండు గంటల వ్యాయామం కుక్కపిల్లలకు కాదు

బోర్డర్ కోలీ వంటి చురుకైన కుక్క జాతులకు రోజుకు రెండు గంటల వ్యాయామం కావాలని ఇంతకుముందు రాశాను. అది ఎదిగిన కుక్కల మాట. నాలుగు నెలల కుక్కపిల్లను సైకిల్ వెంట పరిగెత్తిస్తున్నామని కొందరు చెప్పడంతో ఈ వివరణ. దయచేసి ఆపండి.

కుక్కపిల్లల కాళ్ల ఎముకల చివర్లలో పెరుగుదల జరిగే మెత్తటి భాగాలుంటాయి. అవి గట్టిపడడానికి సుమారు ఏడాది, పెద్ద జాతుల్లో ఏడాదిన్నర దాకా పడుతుంది. ఆలోగా గట్టి రోడ్డు మీద ఏకబిగిన పరుగు, ఎత్తు నుంచి పదేపదే దూకడం మంచిది కాదు. గడ్డిలో తనంతట తాను గంతులేసి, అలిసి చతికిలబడితే ఫరవాలేదు. అక్కడ ఆగే స్వేచ్ఛ దానిది. సైకిల్ వెనక ఆ స్వేచ్ఛ ఉండదు, పట్టీ మన చేతిలో ఉంటుంది కదా!

పోటీల సంగతీ ఇంతే. కుక్కల క్లబ్బుల అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌సీఐ నిబంధనల్లో అందాల ప్రదర్శన జూనియర్ తరగతికి 9 నెలలు చాలు, అడ్డంకులు దాటుతూ పరిగెత్తే ఎజిలిటీ పోటీకి మాత్రం 18 నెలలు నిండాలి. రింగులో నిలబెట్టడం వేరు, అడ్డంకులు దూకించడం వేరు.

మరి ఆ ఉత్సాహాన్నంతా ఏం చేయాలి? ముక్కుకు పని పెట్టండి. ఒక పూట తిండిని గిన్నెలో పెట్టకుండా గడ్డిలో చల్లితే, తోక ఆడిస్తూ గింజ గింజా వెతుక్కుంటుంది. తర్వాత చాప మీద ఊరికే పడుకోవడం నేర్పండి. ఈ జాతులకు అన్నిటికన్నా కష్టమైన పాఠం అదే.